సన్యాసి వాటా

"అత్తా, లెగు. ఆ మిషను మీంచి లెగమంటన్నాను."

"నేను లెగను. ఆ బండోడిని ఎల్లిపొమ్మను."

వెంకమ్మ కుట్టుమిషను చెక్కమూత మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, పట్టుదలకి మాత్రం ఏ వయసూ లేదు. మిగిలిన రెండు మిషన్లూ అప్పటికే గోనెపట్టాల్లో చుట్టుకుని వాకిట్లో ఎద్దుబండి ఎక్కాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మహేబోర్గ్‌లో ఒక ఇంటి సామాను బండెక్కుతోందంటే సగం ఊరికి ఆ పూట అదే పని.

కోడలు అచ్చియమ్మకి ఒళ్ళు మండిపోయింది. క్యూర్‌పిప్‌లో ఆస్తి కాగితాలు రాసే నోటరీ చెప్పిన మాట నిన్నటినుంచీ ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది. విడాకులు తీసుకుంటే ఇల్లు, దుకాణం, మిషన్లు, బ్యాంకులో ఉన్న డబ్బు, అన్నింట్లోనూ సగం సన్యాసిదట.

సగం! రైళ్ళు ఆపేసిన ఏడు గూడ్సు షెడ్డులో పని పోయి ఇంటికొచ్చి కూర్చున్నాడు సన్యాసి. ఆ కూర్చోవడం కూర్చోవడమే. మళ్ళీ లేచింది రెండు పనులకి: ఒకటి, శనివారం రామభజనకి. రెండోది, మొన్న దీపావళి వెళ్ళాక ఎండుచేపలమ్మే జీనెట్ ఇంటికి. పేరు పెట్టిన తల్లి ఏం తలుచుకుని పెట్టిందో గానీ, ఊళ్ళో ఈ సన్యాసిని చూసి నవ్వుకోని వాళ్ళు లేరు.

నోటరీ ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవరు సంపాదించినా సరే, విడాకులు అయ్యేదాకా పెత్తనం భర్తదేనట. రేపు పొద్దున్న సన్యాసి దుకాణాన్ని ఎవరికైనా అమ్మేసి సంతకం పెడితే అడ్డుపడే దారి లేదట. అది విన్న దగ్గర్నుంచీ అచ్చియమ్మ కళ్ళముందు ఒకటే బొమ్మ. తను రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న మిషను ముందు ఆ జీనెట్ కూర్చుని తన ఇద్దరు పిల్లలకీ చొక్కాలు కుట్టుకుంటోంది. సన్యాసి పక్కనే నిలబడి దారం అందిస్తున్నాడు. అచ్చియమ్మకి పిల్లలు లేరు. డబ్బు పోతుందన్న దిగులు కంటే ఈ బొమ్మే ఆమెని ఎక్కువ కాల్చింది.

"మా అక్క ఇంట్లో దాస్తాను," అంది. "లెక్కల్లో లేని సామాన్లో సగం ఎలా అడుగుతాడో సూస్తాను."

"మీ అక్క ఇంట్లోనా? తుఫానుకి ఎగిరిపోతాదని నా ఇత్తడి బిందె దాచమన్నాను. ఏదీ? ఇయ్యాలకీ మీ బావ దాంతోనే తానం చేస్తన్నాడు."

"మరేటి చెయ్యమంటావు? అన్నీ నీ కొడుకు చేతిలో పెట్టి హారతి ఇమ్మంటావా?"

"నా కొడుకుని మజ్జిలోకి తేకు. వాడు గడప దాటిన రోజే సెప్పాను, ఈ ఇంట్లో ఇంక నువ్వూ నేనూ అని. మిషను బండెక్కాలంటే ముందు నన్ను ఎక్కించాల."

బండి సూరయ్య బయటినుంచి కేకేశాడు. "మాదాం సన్యాసి! ఎండెక్కుతోంది. ఎద్దుకి దాహం."

మాదాం సన్యాసి. దుకాణం బోర్డు మీద ఉన్న పేరే ఊరు ఊరంతా పిలిచే పేరు. బడిపిల్లల బట్టలు కుట్టాలన్నా, పెళ్ళి గౌను కుట్టాలన్నా మాదాం సన్యాసి దగ్గరికే వెళ్ళాలి. ఈ నెలంతా జెండాల పని. మార్చిలో దీవికి స్వతంత్రం వస్తోంది కదా, వేడుకల సంఘం వాళ్ళు ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ తానులు తెచ్చి ఇల్లంతా నింపేశారు. కాలు పెట్టడానికి చోటు లేదు.

"దేశానికీ స్వతంత్రం, నీకూ స్వతంత్రం," అన్నాడు సూరయ్య నవ్వుతూ, తను మంచి మాట అన్నాననుకుని.

"నీ ఎద్దుకి కూడా ఇప్పించు," అని కసిరింది అచ్చియమ్మ.

సరిగ్గా అప్పుడే బండి వెనకనుంచి సన్యాసి వచ్చాడు.

అతను బండి మీది మిషన్లని చూశాడు. తల్లిని చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, ఒక మిషనుని ఎత్తి భుజాన వేసుకుని, వాకిట్లో అలవాటుగా కాళ్ళు కడుక్కుని, లోపలికి తెచ్చి కిటికీ దగ్గర దాని చోట దాన్ని దించాడు. మళ్ళీ వెళ్ళి రెండోది తెచ్చాడు. దాని చోటూ అతనికి తెలుసు.

"ఎవరి సొమ్మనుకుని ముట్టుకుంటన్నావు?" అంది అచ్చియమ్మ.

"నీదే. బరువు. నువ్వు మొయ్యలేవు."

"ఇన్నాళ్ళూ మోసింది ఎవరంట?"

సన్యాసి పై పంచెతో మొహం తుడుచుకున్నాడు. ఆ పంచె కొత్తది. అంచు దగ్గర వంకర కుట్లు పడ్డాయి. ఎవరో చేత్తో కుట్టారు. అచ్చియమ్మ చూపు ఆ కుట్ల మీద నుంచి కదల్లేదు.

"బుధవారం నోటరీ కాడికి రా," అన్నాడు. "నేనూ వస్తాను. నాకేటీ ఒద్దని రాసిచ్చేస్తాను."

నిన్న రాత్రంతా అచ్చియమ్మ తిట్లు పోగేసుకుంది. ఏ మాటకి ఏ మాట అనాలో వరసగా పేర్చుకుంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ పనికిరాకుండా పోయింది.

"ఏటీ ఒద్దా?"

"ఒద్దు."

"ఇల్లు?"

"ఒద్దు."

"మిషన్లు?"

"నాకు కుట్టు రాదు గదా."

"బ్యాంకులోది?"

"నీ కష్టం అది. నాకు తెల్దా?"

మిషను మీద కూర్చున్న వెంకమ్మ తల దించుకుంది. అచ్చియమ్మ సంతోషించాల్సిన మాట ఇది. ఎవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. ఆమెకి మాత్రం మొహం మీద కొట్టినట్టయింది. సగం కావాలని పోట్లాడే సన్యాసిని అసహ్యించుకోవచ్చు. డబ్బు కోసం నన్ను కట్టుకున్నాడని పదిమందిలో చెప్పుకోవచ్చు. ఇంత ఆస్తినీ చిత్తుకాగితంలా వదిలేసి పోతానంటున్నాడంటే, అవతల ఉన్నది ఎంత విలువైనదో!

"భజన దీపపు కంబం ఒక్కటి ఇయ్యి," అన్నాడు సన్యాసి. "పని తొందరగా కానీ. జీనెట్‌తో సివిల్ చేసుకోవాల."

సివిల్ అన్న మాట వినగానే అచ్చియమ్మ చేతిలో ఉన్న కత్తెర కింద పడింది.

*

సివిల్ సంగతి ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. తనకీ సన్యాసికీ పెళ్ళి గుడిలో జరిగింది. పంతులుగారు మంత్రాలు చదివారు, మంగళసూత్రం పడింది, ఊరంతా భోజనం చేసింది. ప్రభుత్వం లెక్కలో మాత్రం అది పెళ్ళి కాదు. సివిల్ ఆఫీసులో దొర ముందు సంతకాలు పెడితేనే పెళ్ళి. ఆ రోజుల్లో మనవాళ్ళలో చాలామంది ఆ గడప తొక్కకుండానే మనవల్ని ఎత్తుకున్నారు.

అచ్చియమ్మా తొక్కేది కాదు. పెద్ద తుఫాను వచ్చిన మరుసటేడు గుడ్‌ల్యాండ్స్ నుంచి భజనకి వచ్చిన ఒకామె, సన్యాసి పాట విని, చెమట తుడుచుకోమని తన చేతి తువ్వాలు అందించింది. అంతే. ఆ తువ్వాలు అచ్చియమ్మ గుండెల మీద బండరాయై కూర్చుంది. గుడి పెళ్ళిని కోర్టు ఒప్పుకోదట, రేపు అతను ఇంకెవరితోనో సివిల్ చేసుకుంటే నువ్వెవరివి అని ఎవరో అననే అన్నారు. మర్నాడే సన్యాసిని రెక్క పట్టుకుని ఆఫీసుకి లాక్కుపోయింది. అతను దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఆఫీసులో ఆ దొర అడిగాడు కూడా. ఎవరి ఆస్తి వాళ్ళకి ఉండాలంటే ముందు నోటరీ దగ్గర ఒప్పందం రాసుకుని రండి అన్నాడు. "మేమేమన్నా తోటల యజమానులమా?" అని అచ్చియమ్మ ఎదురు నవ్వింది. సంతకం పెట్టించి, ఇక ఎక్కడికి పోతాడో చూస్తాననుకుంటూ వీధంతా లడ్డూలు పంచింది. మిషన్లు, దుకాణం, ఇల్లు, అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

అతన్ని కట్టేద్దామని తెచ్చిన తాడు ఇవాళ ఆమె మిషన్లకి చుట్టుకుంది.

*

"మీరు గుడి పెళ్ళితోనే ఉండి ఉంటే ఇతనికి ఒక సూది కూడా వచ్చేది కాదు," అన్నాడు నోటరీ మార్సెల్ బుధవారం నాడు. క్యూర్‌పిప్‌లో ఎప్పట్లాగే వాన. బస్సు దిగి వచ్చేసరికి ముగ్గురి చెప్పులూ తడిసి, ఆఫీసు చెక్కనేల మీద ముద్రలు పడ్డాయి. ముగ్గురంటే సన్యాసి, అచ్చియమ్మ, ఇద్దరి మధ్యా గోడలా వెంకమ్మ.

"అయినా మీరు అదృష్టవంతులు, మాదాం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి భర్తని నేను చూడలేదు. కోర్టులో తప్పు తనదేనని ఒప్పుకుంటాడు. తన సగం మీకు వదిలేస్తానని ఇప్పుడే మాట రాసిస్తాడు. తీర్పు వచ్చాక ఇక్కడికొచ్చి ఆఖరి సంతకం పెడతాడు. ఈలోగా దేన్నీ అమ్మనని కూడా రాస్తున్నాడు."

ఇలాంటి భర్త! అచ్చియమ్మ పళ్ళు నూరింది. పరాయి ఇంట్లో కాపురం పెట్టినవాడు ఇక్కడ మహాత్ముడయ్యాడు, అన్నీ ఆమెకే మిగులుతుంటే ఆమె మొహం మాడ్చుకుని కూర్చుంది. చూసేవాళ్ళకి ఎవరు మంచివాళ్ళు?

"ఒక్క వస్తువు అడుగుతున్నాడు," అన్నాడు మార్సెల్. "దీపం. వివరం చెప్పండి, రాసుకుంటాను. కొయ్యదా?"

"కొయ్యదే," అన్నాడు సన్యాసి. "పడవల వడ్రంగి చేశాడు. ఏడు వరసలు. ఇత్తడి ప్రమిదలు."

"పది రూపాయలు వెల కడదామా?"

"దానికి వెల లేదు!"

భార్యాభర్తలిద్దరి నోటా ఆ మాట ఒక్కసారే వచ్చింది. మార్సెల్ కలం ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వాళ్ళు మాత్రం ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ కంబం మనిషెత్తు ఉంటుంది. బడిబట్టల మొదటి పెద్ద బేరం డబ్బుతో అచ్చియమ్మే చేయించింది, సన్యాసి అరువు దీపం చుట్టూ పాడుతున్నాడని. సన్యాసి పెద్దగా ఉన్న ఆ భజన జట్టులో ఒక పద్ధతుంది. జట్టు పెద్ద ఇల్లాలు వత్తులు పెట్టి, నూనె పోసి, పై ప్రమిద వెలిగించాలి. అప్పుడే మద్దెల మోగుతుంది. మగవాళ్ళు గజ్జె కట్టి దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. తెల్లారేదాకా అది ఆరకూడదు. అందాకా ఆ ఇల్లాలు నూనె గిన్నె పట్టుకుని దీపం పక్కనే నిలబడాలి. ఇన్నేళ్ళూ అలా నిలబడింది అచ్చియమ్మ. జీనెట్‌ని మొదటిసారి చూసింది కూడా అక్కడినుంచే. గుమ్మం బయట, ఎండుచేపల బుట్ట పక్కన పెట్టుకుని, నోరు తెరుచుకుని పాట వింటోంది.

"అది ఎల్తే ఎవరు వెలిగిస్తారు?" అంది అచ్చియమ్మ తెలుగులో.

సన్యాసి తన తడి చెప్పుల వైపు చూశాడు.

"నిన్నే. ఎవరు వెలిగిస్తారంట?"

"జీనెట్."

"చేపలు కోసే చేత్తోనా?"

"చెయ్యి కడుక్కుంటాది."

వెంకమ్మకి దగ్గొచ్చింది. అది దగ్గో నవ్వో ఎవరికీ తెలియకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"శనివారం భజనుంటే గురువారం నుంచి చేప వాసన పడేది కాదు నీకు. నేను వంట చేసిన చేతిని కూడా మూడుసార్లు కడిగించేవోడివి."

"అయ్యన్నీ ఇప్పుడెందుకు?"

"ఎందుకా? మెత్ర్!" అని నోటరీని మర్యాదగా పిలిచి, దీవి భాష క్రియోల్‌లో అంది, "రాసుకోండి. ఇంట్లో సగం ఇస్తాను. మిషన్లలో సగం, బ్యాంకులో సగం. చట్టం ఏదంటే అది. దీపం మాత్రం ఇవ్వను."

మార్సెల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మాదాం, మీ మంచి కోరి చెబుతున్నాను. ఆయన మనసు మారకముందే సంతకం అయిపోవాలి. మంగళవారం పొద్దున్న మళ్ళీ రండి. ఈలోగా ఎవరైనా పెద్దవాళ్ళతో మాట్లాడండి."

పెద్దవాళ్ళంటే వెంకమ్మే. ఆమె తిరుగు బస్సులో రోజ్ బెల్ దాటేదాకా కిటికీలోంచి చెరకు చేలని చూస్తూ కూర్చుంది.

"కొయ్యముక్క కోసం సగం ఇల్లు ఇచ్చేస్తావా?" అంది చివరికి.

"కొయ్యముక్క కాదు."

"నాకు తెల్దా? వాడు గజ్జె కట్టి తిరుగుతుంటే, నువ్వు నూనె పోస్తానే ఒక్కో ఆడదాని మొగం సూసేదానివి. దేవుడి మొగం ఒక్కటే సూడలేదు నువ్వు."

అచ్చియమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం చెరో మూలా కూర్చుని తిన్నారు.

*

సోమవారం మహేబోర్గ్ సంత. సంత రోజు దుకాణంలో ఊపిరాడదు. ఆ రోజు మధ్యాహ్నం, జనం కాస్త పల్చబడ్డాక, గుమ్మంలో ఒక మనిషి నిలబడింది. ముందు నిమ్మకాయ వాసన వచ్చింది. చేప వాసన పోవడానికి చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని వచ్చింది జీనెట్.

దగ్గరగా చూడటం అచ్చియమ్మకి ఇదే మొదటిసారి. వయసులో తనకంటే పెద్దదే. ముందుపన్ను ఒకటి విరిగింది. చేతుల మీద ఉప్పుకి పగిలిన గీతలు. కనీసం అందగత్తె అయినా బాగుండును, అనుకుంది అచ్చియమ్మ. అందం చూసి పోయాడని సరిపెట్టుకునేది. ఇది అందం కాదు. మరేమిటో! ఆ ఏమిటో తెలియకపోవడం ఇంకా మంటగా ఉంది.

"కూర్చో," అంది, మర్యాద తప్పకూడదని.

"నిలబడతాను, మాదాం." ఇద్దరూ క్రియోల్‌లోనే మాట్లాడుకున్నారు. "ఒక మాట అడగడానికొచ్చాను. అతనికి తెలీదు."

"ఇల్లు సగం ఇస్తానన్నానని విన్నావా? అందుకే వచ్చావా?"

"ఇల్లు నాకెందుకు? నాకు ఇల్లుంది. రేకులదే గానీ ఉంది. అతను పని చెయ్యకపోయినా నా బుట్ట నన్నూ పిల్లల్నీ పోషిస్తుంది. అతన్నీ పోషిస్తుంది." జీనెట్ చేతులు కొంగులో దాచుకున్నట్టు గౌను జేబుల్లో పెట్టుకుంది. "ఆ దీపం ఇవ్వకండి, మాదాం."

అచ్చియమ్మ చేతిలో జెండా అంచు ఆగిపోయింది.

"ఎందుకు?"

"రోజూ దాని మాటే. వత్తి ఇలా చెయ్యాలి, మా ఇంట్లో ఇలా చేసేది. నూనె ఇంతే పొయ్యాలి, మా ఇంట్లో ఇంతే పోసేది. మీ పేరు చెప్పడు. మా ఇంట్లో అంటాడు. నా ఇంట్లో కూర్చుని, నా కంచంలో తింటూ, మా ఇంట్లో అంటాడు." జీనెట్ జేబులోంచి చెయ్యి తీసి కళ్ళు తుడుచుకుంది. "అది వచ్చిందంటే మీరు వచ్చినట్టే. నా ఇంటి మధ్యలో మీరు నిలబడి నన్ను చూస్తూ ఉంటారు. నేను వత్తి పెట్టినప్పుడల్లా అతను మీ చెయ్యే చూస్తాడు. నేను భరించలేను. ఇవ్వనని గట్టిగా చెప్పండి. మీ కాళ్ళకి దండం పెడతాను."

అచ్చియమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆ కళ్ళు తనకి బాగా తెలుసు. మూడు నెలలుగా పొద్దున్నే అద్దంలో చూస్తున్న కళ్ళే అవి.

ఆమెకి జాలి కలగాలి. కలగలేదు. కడుపులో ఇన్నాళ్ళూ మండుతున్న చోట చల్లగా, హాయిగా ఏదో పోసినట్టయింది. ఆమె నవ్వింది. పళ్ళు కనిపించేలా, బుగ్గలు నొప్పెట్టేలా నవ్వింది.

"ఇంటికి వెళ్ళు, జీనెట్," అంది. "దీపం సంగతి నేను చూసుకుంటాను."

జీనెట్ ఆ నవ్వుని మంచితనం అనుకుంది. రెండు చేతులూ జోడించి, సంతవైపు పరిగెట్టినట్టు వెళ్ళిపోయింది.

వెనకగదిలో గుండీలు కుడుతున్న వెంకమ్మ అంతా విన్నది. నవ్వు కూడా చూసింది.

ఇక అచ్చియమ్మ చేతులకి ఎక్కడలేని ఓపికా వచ్చింది. దుకాణం తలుపు దగ్గరికి వేసి, కంబాన్ని వాకిట్లోకి తెచ్చి, చింతపండు పెట్టి ప్రమిదలన్నీ తోమింది. బంగారంలా మెరిసేదాకా వదల్లేదు. దూది తీసి వత్తులు చేసింది. ఏడు వరసలకీ ఎవరూ వంక పెట్టలేని వత్తులు, తన చేతి వత్తులు. ఒక్కో ప్రమిదలో ఒక్కోటి తనే అమర్చింది. కంబం మెడకి మిగిలిన పసుపు గుడ్డ చుట్టి ముడేసింది. మొన్నటిదాకా ఇది ఇంట్లోంచి పోతే ప్రాణం పోయినట్టే అనుకున్న మనిషి, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ముస్తాబు చేసింది.

ఉండు జీనెట్, ప్రతి శనివారం నీ ఇంటికొస్తాను, అనుకుంది. నువ్వు పిలవక్కర్లేదు.

రేపు పొద్దున్న సంతకం. ఇల్లు, దుకాణం, మిషన్లు, బ్యాంకులోది, పైసాతో సహా తనకే. అవతల వాళ్ళకి నిద్ర కూడా ఉండదు. ఇంతకంటే ఏం కావాలి?

"సూరయ్యా! బండి తే!"

సూరయ్య కంబాన్ని గడ్డి మీద పడుకోబెట్టాడు. "సామాను ఇదొక్కటేనా, మాదాం సన్యాసి?"

"ఇదొక్కటే. జీనెట్ ఇంటికి. మాదాం సన్యాసి పంపిందని సెప్పు. వత్తులు కూడా నేనే చేశానని సెప్పు. మర్చిపోకు."

"ఇదొక్కటే కాదు," అంది వెనకనుంచి వెంకమ్మ.

ఆమె చేతిలో ఒక మూట ఉంది. గళ్ళ దుప్పటిలో కట్టిన చిన్న మూట. అందులో నాలుగు చీరలు, రాముడి పటం తప్ప ఇంకేం పట్టవు. బయటికెళ్ళే చెప్పులు వేసుకుని, నెమ్మదిగా మెట్లు దిగి బండి దగ్గరికి వచ్చింది.

"ఎక్కడికి అత్తా?"

"దీపంతో."

"ఏటా మాటలు? లోపలికి రా."

"ఆ పిల్లకి నూనె పొయ్యడం రాదు. ఎవరో ఒకరు నేర్పాల."

"ఆవిడ పిల్లా నీకు?" అచ్చియమ్మ అరిచింది. "నీ కొడుకు గడప దాటినరోజు ఏటన్నావు? నువ్వూ నేనూ అన్నావా లేదా?"

"అన్నాను. ఆ రోజు నువ్వు ఏడుస్తన్నావు." వెంకమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే అచ్చియమ్మకి భరించరానిదైంది. "ఇయ్యాల నవ్వినావు. ఆ మనిషి దండం పెట్టి ఏడుస్తుంటే నవ్వినావు. ఏడ్చే కోడలితో ఎన్నాళ్ళయినా ఉంటాను అమ్మీ. ఆ నవ్వుతో ఒక ఇంట్లో పడుకోలేను."

"నేను పంపిస్తన్నది నీ కొడుకు అడిగిందే కదా?"

"వాడు అడిగింది వేరు. నువ్వు పంపింది వేరు. నీకూ తెల్సు."

సూరయ్య అటు తిరిగి ఎద్దు మెడ తట్టుతూ నిలబడ్డాడు.

"అత్తా," అంది అచ్చియమ్మ. ఈసారి గొంతులో కేక లేదు. "నాకెవరున్నారు?"

వెంకమ్మ చక్రం మీద కాలు పెట్టి, బండి అంచు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. దీపపు కంబాన్ని లేపి మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. ఒక వత్తి జారితే మళ్ళీ ప్రమిదలో సర్దింది.

"ఇల్లు నీది. దుకాణం నీది. మిషన్లు నీవి. మంచిదే, నీ కష్టం నీకే ఉండాల. రేపు ఎల్లి సంతకం పెట్టు. నేను అడ్డు సెప్పను," అంది. "సట్టం ప్రకారం వాడికి సగం రావాల అన్నాడు గదా ఆ నోటరీ దొర. ఈ ఇంట్లో వాడి వాటా నేనే."

మూట ఇంకా కిందే ఉంది. వెంకమ్మ దానికోసం చెయ్యి చాచింది. అచ్చియమ్మ అందించడానికే వంగింది. మూట పైకెత్తింది కూడా. అత్త చేతికి అందింది గానీ, అచ్చియమ్మ చెయ్యి దాన్ని వదల్లేదు.

మెట్ల మీద బోర్డు నీడ పడింది. లోపల కిటికీ దగ్గర మూడు మిషన్లూ ఎవరి చోట అవి ఉన్నాయి. సూరయ్య పగ్గం చేతికి తీసుకుని, ఒకసారి పైనున్న ముసలామెనీ, ఒకసారి కిందున్న మనిషినీ చూశాడు.

"మాదాం సన్యాసి," అన్నాడు మెల్లగా, "ఒగ్గేస్తావా, లాక్కుంటావా? ఎద్దు ఆగదు."

ముడి మీద అచ్చియమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. బండి కదిలింది.